ఏడు పేర్ల తాళం

కజకిస్తాన్‌లోని కరగందాలో ఒక ఫ్లాటు. వంటింటి బల్ల మీద భార్య లినక్స్ ల్యాప్‌టాప్ తెరిచి ఉంది, పక్కన ఖాళీ అయిన టీ గిన్నె. భర్త దాని ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"డిస్క్ నిండిపోయిందన్నావని పార్టిషన్ పెంచాను. దాని లోపల తాళం వేసిన భాగాన్ని కూడా పెంచబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. కొంపదీసి చెడగొట్టానా?"

"నా అనువాదాలన్నీ అందులోనే ఉన్నాయి! ఏం కొట్టావ్?"

"నువ్వు చెప్పిందే. నాన్నతో మొదలుపెట్టి ఏడు తరాల పేర్లు. మూడుసార్లు కొట్టాను."

"ఎవరి నాన్నతో?"

"ఎవరి నాన్నేంటి? మా నాన్నతోనే. చిన్నప్పుడే బట్టీ పట్టించారు, తప్పు పోతుందా?"

"మీ ఇంటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదని పెళ్లైన రోజే మీ అమ్మ చెప్పింది. అలాంటివి రోజూ టైప్ చేస్తానా?"

"అంటే... మీ వాళ్లవా?"

"నాకూ ఉన్నారుగా ఏడుగురు."

"హమ్మయ్య, డిస్క్ బాగానే ఉందన్నమాట. చెప్పు, కొడతాను."

"చెప్పడమెందుకు? పెళ్లి మాటలప్పుడు మా నాన్న నీ ముందే వరసగా చెప్పాడు. రెండు వైపులా ఏడు తరాల్లో కలిసిన పేరు ఒక్కటీ లేదు, పెళ్లికి అడ్డు లేదని మీ వాళ్లంతా సంబరపడ్డారు కూడా. కొట్టు."

"జోల్దాస్. మీ నాన్న."

"అవును. ఆయన తండ్రి?"

"ఉండు, నాలుక చివరే ఉంది."

"కొట్టు."

"ఇంకో గిన్నె టీ పోస్తావా?"