చిలుంబ వంగి ఆడిన ఆట

ఓయ్ ఓయ్, ఆ కుండ మీద చెయ్యెయ్యకు బాబూ! దోమల ఆఫీసరువైతే అయ్యావు, ఆ నీళ్ళు నీ ఆఫీసు మోసుకొచ్చిందా?

ఈ మకొండే మెట్ట మీద బావి ఎక్కడుంది చెప్పు? తెల్లారగట్ల లోయలోకి దిగితే, కడవతో పైకెక్కేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. అందుకే ఇంట్లో దాచుకుంటాం. తప్పా?

ఏంటీ, పురుగులా? ఆ తోకలాడించేవేనా? నీళ్ళు మంచివైతేనే పురుగు బతుకుతుందనుకున్నాం! గుడ్డలో వడగట్టి తాగేవాళ్ళం. వాటికే రెక్కలొస్తాయని పోయిన నెలా అన్నావు, నిజమేనా? ఆ చారల కాళ్ళ దోమ, పట్టపగలే కుట్టేది, మా కుండలో బిడ్డేనా? జ్వరమొచ్చినవాణ్ణి కుట్టి, ఆనక పక్కవాణ్ణి కుడితే వాడికీ అంటుకుంటుందా? అమ్మో!

మా ఆయన చిలుంబ సంగతి విన్నావా? మొన్నామధ్య ఆడపిల్లలు పెద్దమనుషులైన సంబరంలో కొయ్య ముఖం తొడుక్కుని ఆడాలి. లోపల ఎవరో ఆడవాళ్ళకి తెలియకూడదట! నలభై ఏళ్ళు కాపురం చేశాను, ఆ మోకాళ్ళు నాకు తెలియవూ?

ఆ పొద్దున్నే ఒళ్ళు కాలిపోతోంది. "వద్దయ్యా" అన్నాను. "ఊరు నవ్వదూ?" అని వెళ్ళాడు. ఆట మధ్యలో కీళ్ళు పట్టేశాయి. నడుం రెండుగా వంగిపోయింది. జనం ఏమనుకున్నారు? ముసలాడి వేషం కట్టాడనుకున్నారు! ఒకటే ఈలలు. ఒకావిడైతే "అచ్చం మా నాన్నే" అని ఏడ్చేసింది.

లోపల ఈయన "చచ్చాన్రోయ్, ఆపండ్రోయ్" అని మూలుగుతుంటే, డోలు వాయించే నచుంగా అనేవాడు ఊపొచ్చిందనుకుని ఇంకా జోరు పెంచాడు! వారం తిరక్కుండా వాడూ వంగాడులే.

నవ్వు, నవ్వు. చికున్‌గున్యా అన్నది మా మాటే కదా, మనిషిని వంచేదని. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఇంకా అంతా ఆ ఆటే తలుచుకుంటున్నారు. వేషం కాదని ఒక్కడికైనా చెప్పాడా? చెప్పడు!

సరే, కుండ వంచెయ్. నేనో చెయ్యి వేస్తాను. జీడిమామిడి మొదట్లో పోద్దాం.

బాబూ... ఒక్క మాట. పోయిన నెల నువ్వొచ్చినప్పుడు మంచం కింద ఇంకో కుండ ఉంది. నీకు కనపడకుండా చాప కప్పాను. నువ్వెళ్ళాక చాప తీస్తే దోమలు గుప్పుమని లేచాయి. ఆ పక్షంలోనే ఈయన పడ్డాడు, ఆనక వీధి వీధంతా.

ఆ రోజు నీకు పురుగులు దొరికింది మా పక్కింటి సోమోయే కుండలో కదా? ఇదంతా ఆవిడ వల్లేనని ఊరంతా ఆవిణ్ణే తిట్టిపోసింది.

నేనూ తిట్టాను బాబూ. అందరికంటే గట్టిగా.