ఐదు డబ్బాలూ, నా ఎర్ర సిరా

అధ్యక్షులు, మా ప్రిన్సిపాల్ పట్టాభిరామయ్య గారికీ, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకీ, ముప్పై రెండేళ్ళు నన్ను భరించిన కామర్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళకీ, ఏలూరు నుంచీ నల్లజర్ల నుంచీ ఎండనబడి వచ్చిన నా పాత విద్యార్థులకీ, ఫ్యాను కింద చోటు దొరికిన అదృష్టవంతులకీ, దొరకనివాళ్ళకీ నా నమస్కారాలు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన ఆరుగురూ నన్ను ఆకాశానికెత్తేశారండి. ప్రభుత్వ సంస్థల లెక్కలూ, లాభాపేక్ష లేని సంస్థల లెక్కలూ తాడేపల్లిగూడెంలో చంద్రకళ మేడం తరవాతే ఎవరైనా అన్నారు. వారం కిందటైతే నేనూ మురిసిపోయి, పైకి మాత్రం 'అబ్బే, ఎంతమాటండీ' అనేదాన్ని. ఇవాళ నిజంగానే అంటున్నాను. అంతమాట నాకు తగదు. రిటైరవుతున్న రోజున చదువుదామని నేను రాసుకొచ్చిన ప్రసంగం ఇదిగో, నాలుగు పేజీలుంది, మడిచి సంచీలో పెట్టేస్తున్నాను. పోయిన ఆదివారం నాకు తగిలిన దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు. ఆ సంగతే చెబుతాను.

నా దగ్గర చదివినవాళ్ళందరికీ నేను మొదటి రోజు చెప్పే మాట గుర్తుందా? (సభలోంచి: "ఏ పనికిచ్చిన డబ్బు ఆ పనికే!") ఆ, అదే. షాపు లెక్కకి లాభం ముఖ్యం. ప్రభుత్వానికీ, సేవాసంఘానికీ మాట ముఖ్యం. రోడ్డు పద్దులో మిగిలింది కదా అని ఆసుపత్రి పద్దులో ఖర్చు పెట్టెయ్యకూడదు. అనాథ పిల్లల అన్నానికని ఇచ్చిన డబ్బుతో ఆఫీసుకి రంగులు వేయించకూడదు. మార్చాలంటే ఇచ్చినవాళ్ళని అడగాలి. ఈ నాలుగు ముక్కలూ చెప్పే ఇన్నేళ్ళూ జీతం తీసుకున్నాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అంటారే, ఆ సామెతలో మిగతా సగం మీ అందరికీ తెలుసు, నా వయసుకి మర్యాద ఇచ్చి మనసులోనే అనుకోండి. (నవ్వులు)

అదిగో, వెనక గుమ్మం దగ్గర ఆకుపచ్చ చీరలో నిలబడిందే, ఆ అమ్మాయి దేవి. కూర్చోమంటే కూర్చోదు. కైకలూరు దాటి ఇంకా లోపలికి వెళ్తే కొల్లేట్లో వాళ్ళ లంక గ్రామం. నాలుగేళ్ళ కిందట ఇక్కడే బీకామ్ చదివింది. ఇప్పుడు కైకలూరులో చేపల మేత కొట్లో లెక్కలు రాస్తోంది.

ఆ ఏడు నేను పిల్లలందరికీ ప్రాజెక్టు ఇచ్చాను. మీ ఊళ్ళో లాభం కోసం కాకుండా నడిచే సంస్థ ఏదైనా తీసుకుని దాని జమాఖర్చులు రాసుకురండి అన్నాను. దేవి వాళ్ళ ఊరి సంఘం లెక్క తెచ్చింది. ఊరుమ్మడి చేపల చెరువుకి వాళ్ళు ఏటా వేలం పాట పెడతారు. పాట డబ్బు ఊరందరి ముందూ లెక్కపెట్టి ఐదు బిస్కెట్ డబ్బాల్లో వేస్తారు. బడిలో రెండో టీచరమ్మ జీతానికొకటి, గట్టు మరమ్మతుకొకటి, ఆసుపత్రికొకటి, అమ్మవారి జాతరకొకటి, పోయినవాళ్ళ దినాలకొకటి. ఆఖరికి వరదొచ్చినా ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి మారదు. మార్చాలంటే ఊళ్ళో ప్రతి గడపా చెయ్యెత్తాలి. ఒక్క చెయ్యి లేవకపోయినా మూత తియ్యరు. ఆ డబ్బాలు కాపాడేది దేవి మేనత్త బుల్లెమ్మ గారు. ఆవిడకి సంతకం రాదు.

దేవి ఏం చేసిందంటే, ఐదు డబ్బాలకీ ఐదు కాగితాలు విడివిడిగా రాసుకొచ్చింది. కింద మొత్తం వెయ్యలేదు. నాకా, ఒక్క సాయంత్రంలో ఎనభై నాలుగు ప్రాజెక్టులు దిద్దాలి. కింద మొత్తం కనపడకపోయేసరికి చిర్రెత్తుకొచ్చింది. ఎర్ర పెన్నుతో రాశాను: 'ఈ డబ్బాలేమిటి? ఇది లెక్క కాదు. అన్నీ కలిపి ఒకే ఖాతాలో వెయ్యాలి.' కింద సంతకం, హోదా. ఇరవైకి ఆరు మార్కులు.

నిధుల్ని విడివిడిగా ఉంచే పద్ధతి, నేను ఆఖరి పాఠంలో బోర్డు నిండా గళ్ళు గీసి చెబుతానే, అదేనండి అది! పుస్తకంలో ఉంటే గుర్తుపట్టాను. బిస్కెట్ డబ్బాలో ఉంటే గుర్తుపట్టలేకపోయాను.

దేవి పాపం అన్నీ కలిపి ఒకే లెక్కగా తిరగరాసి తెచ్చింది, పద్దెనిమిది వేశాను. అక్కడితో అయిపోయిందనుకున్నాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదండీ. నా ఎర్ర సిరా కొల్లేరు దాకా పోయిందని నాకు తెలియదు.

దేవిని ఈ సభకి పిలుద్దామని పోయిన ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. సంఘం గదిలో కుర్చీ వేశారు, కొబ్బరిబొండం ఇచ్చారు. తల ఎత్తి చూద్దును కదా, గోడ మీద అమ్మవారి పటం పక్కన, అద్దం కట్టించి, దండ వేసి, నా ఎర్ర సిరా కాగితం! 'ఇది లెక్క కాదు.'

"ఇదేమిటండీ ఇక్కడుందీ?" అన్నాను.

"మీరు రాసిందేనండి," అన్నారు బుల్లెమ్మ గారు, ఎంతో గౌరవంగా. "కాలేజీ మేడం గారు ఇది లెక్క కాదన్నాక ఇంకా డబ్బాలెందుకండీ? ఆ ఏడే అన్నీ కలిపేసి బ్యాంకులో వేసేశామండి."

తరవాత సంగతీ ఆవిడే చెప్పారు. రెండో ఏడు వానలకి గట్టు తెగింది. ఖాతాలో డబ్బుంది, ఇద్దరి సంతకాలు చాలు, తీసి గట్టుకి పోసేశారు. దొంగతనం కాదండోయ్, ఒక్క రూపాయి ఎవరూ తినలేదు. ఐదు పనుల డబ్బూ ఒక్క పనికి పోయింది, అంతే. మునుపైతే ఊరంతా కూర్చుని చెయ్యెత్తేవారు. ఇప్పుడెవరిని అడుగుతారు, ఏది ఎవరిదో ఖాతాకి తెలియదు కదా! టీచరమ్మకి ఎనిమిది నెలలు జీతం లేదు. ఆవిడ మాత్రం ఎన్నాళ్ళు చెబుతుంది? వెళ్ళిపోయింది. ఆ బడిగది చూపించారు. బల్లల మీద మేత బస్తాలున్నాయి. బోర్డు మీద ఎప్పుడో రాసిన రెండో ఎక్కం సగం చెరిగిపోయి ఉంది. చదవాల్సిన పిల్లలు గట్టు మీద రొయ్యలు ఏరుతున్నారు. నాకు తల తీసి మొలేసినట్టయిందండి. నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ నాకు చేపల పులుసుతో అన్నం పెట్టింది.

ఆ కాగితం తీసెయ్యమని బతిమాలాను. "చదువుకున్నావిడ రాసింది మేమెలా తీస్తామండీ? తప్పయితే మీరే ఇంకోటి రాసివ్వండి," అన్నారు. రాశాను. ఇదిగో: 'మొదటి కాగితం తప్పు. తప్పు నాది. మీ డబ్బాలే సరైన లెక్క. బ్యాంకులో వేసినా సరే, ఐదు ఖాతాలుగానే వెయ్యండి. దేవికి ఇరవైకి ఇరవై.' సోమరాజు గారూ, కాలేజీ ముద్ర వేశారు కదా? (అటెండర్ సోమరాజు: "వేశానండి, రెండు వేశానండి!") సాయంత్రం ఐదు దాటితే నా హోదా పోతుంది, అందుకే తొందర. (నవ్వులు)

ఇంకో మాట. మీరంతా చందాలు వేసుకుని నాకోసం ఈ బంగారు గాజు చేయించారు. ఎవరెంతిచ్చారో జాబితా మా జూనియర్ తేజస్వి దగ్గరుంది. ఇది వెనక్కిచ్చేస్తే ఆ టీచరమ్మకి రెండేళ్ళ జీతం వస్తుంది. కానీ మీరిచ్చింది గాజుకి. నా అంతట నేను మార్చకూడదు. అందుకని ఆ ఊరి పద్ధతిలోనే అడుగుతున్నాను. ఇష్టమైనవాళ్ళు చెయ్యెత్తండి.

(చేతులు లేస్తున్నాయి. చప్పట్లు.)

ఆగండాగండి, చప్పట్లు తరవాత. ప్రిన్సిపాల్ గారు ఎత్తారు. తేజస్వి రెండు చేతులూ ఎత్తింది, ఒకటి చాలమ్మా. అందరూ ఎత్తారు... దేవీ? నీ చెయ్యేదమ్మా? మీ ఊరి బడికే కదా!

(దేవి, గుమ్మం దగ్గర నుంచి: "నేను గాజుకిచ్చానండి మేడం గారండీ. మా అత్త కూడా రెండొందలు గాజుకే ఇమ్మందండి. చెయ్యెత్తనండి.")

(ఎత్తిన చేతులు ఒక్కొక్కటిగా దిగుతున్నాయి.)

విన్నారా? ముప్పై రెండేళ్ళ పాఠం, నాకంటే బాగా దానికే వచ్చింది. ఒక్క చెయ్యి లేవలేదు. మూత తియ్యకూడదు. రా తల్లీ, నువ్వే తొడుగు. (చప్పట్లు) అబ్బ, మెల్లిగా, చెయ్యి లావెక్కింది.

సరే దేవీ, గాజు గాజే. మరి నా రెండు కాళ్ళూ, నా గొంతూ ఎవరి చందాతోనూ చేయించినవి కావు కదా? జూన్ పన్నెండున బడి తెరుస్తారు. మేత బస్తాలు ఆ లోపు తీయించండి. మీ డబ్బా మళ్ళీ నిండేదాకా రెండో టీచరమ్మని నేను. జీతం వద్దు. దీనికి చేతులెత్తక్కర్లేదుగా?

(దేవి: "అక్కర్లేదండి. రండి. ఎర్ర పెన్ను మటుకు తేకండి.")

(నవ్వులు, చప్పట్లు)

సోమరాజు గారూ, ఇలా రండి. ఈ పెన్ను మీ దగ్గరుంచండి. అందరికీ కృతజ్ఞతలు. రెండో ఎక్కం సగంలో ఆగిపోయి ఉంది, నేను వెళ్ళాలి. సెలవు.