చెక్‌పోస్టు కాడ నా ఉచ్చసంచి

నిన్న చర్ల రోడ్డు చెక్‌పోస్టు కాడ ఏం చూసిండ్రో ముందు మీరు చెప్పుండ్రి. చూడలేదా? అయితే చాయ్ తాగుకుంట నేను చెప్పేది ఇనుండ్రి.

బొగ్గుబాయి ఆంథోనిని నేను. సమ్మెలల్ల లాఠీలకు బెదరనోణ్ణి, ప్రొస్టేటు కాడ ఓడిపోయిన. ఆర్నెల్ల సంది ఒంట్లకు పైపు, దాని కొసకు సంచి. సంచి నడుము కిందనే ఉండాలె, లేకుంటే ఉచ్చ ఎనక్కి తన్ని జ్వరమొస్తదని నర్సమ్మ చెప్పింది. నలుగురి ముందర వేలాడేసుకుని తిరుగుతనా? అంగీ లోపల పొట్ట మీదికి కట్టి, పైన తువ్వాల చుట్టి బస్సెక్కిన. చెక్‌పోస్టు కాడ అందర్నీ దింపిండ్రు. అంగీ కిందికెళ్లి పైపు బయటపడ్డది. జవాను చూసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?

"ఏమైంది బాబాయ్?" చాయ్ వడపోసుకుంట హోటల్ రోజారాణి అడిగింది.

బాంబు వైరనుకున్నడు. "అందరు పండుకోండి" అన్నడు. బస్సు జనమంత బోర్ల పడ్డరు. నేనొక్కణ్ణే నిలబడ్డ. ధైర్యం గాదు, వంగితే పైపు గుంజుతది.

"కుక్కను తేలేదా మామా?" ఆటో వెంకన్న ఎగదోసిండు.

తేకుంటరా? దూడంత కుక్క. సంచి వాసన చూసి, నాకు సెల్యూట్ కొట్టి, పోయి జీపుల కూసున్నది. మల్ల దిగలే. ఇగ హెలికాప్టరొచ్చింది. పెద్దాఫీసరు దిగి, చేతులు జోడించి, "పెద్దాయనా, ఏ వైరు కొయ్యాలె?" అన్నడు. "బిడ్డా, ఉన్నదే ఒక్కటి. అది కోస్తే భద్రాచలంల గోదారి వరదకు మూడో హెచ్చరిక ఎయ్యాలె" అన్న. నిజంగనే ఏసిండ్రు. ఒడ్డు మీది ఊర్లు ఖాళీ చేపిచ్చిండ్రు, బళ్లల్ల పులిహోర పొట్లాలు పంచిండ్రు...

"బాబాయ్, గదే బస్సుల నేను గూడ ఉన్న," అన్నది రోజారాణి. "నీ పక్కనే నిలబడ్డ. గా జవాను పిల్లగాడు పైపు చూసి, మెల్లగ నీ చెవుల, 'తాతా, సంచి కిందికి దించు, మా నాయనకు గూడ పెట్టిండ్రు' అన్నడు. సరేనని తలూపినవ్. బస్సెక్కంగనే మల్ల పైకి కట్టినవ్. ఇప్పుడు గూడ పైకే ఉన్నది. పొద్దుగాల నుంచి పొత్తికడుపు పట్టుకుంటున్నవ్, ఒళ్లు కాలుతున్నది. ఎవరికి చెప్తున్నవ్ కోతలు?"

ఎవ్వరు నవ్వలే. నవ్వినా బాగుండు, ఇంకోటి కోసేటోణ్ణి.

తువ్వాల విప్పిన. సంచిని అందరి ముందర బెంచీ కింది పట్టీకి తగిలిచ్చిన. కొంచెం సేపటికి పైపుల ధార కదిలింది. వెంకన్న అటు జూడనట్టే ఆటో తీసి, దవాఖానా దిక్కు తిప్పి పెట్టిండు.

మీ ఇంట్ల ముసలాయన తువ్వాల కింద ఏం దాచుకుంటుండో, మీరెప్పుడన్న అడిగిండ్రా?