గుర్రాన్ని ఎరవేసే ఎత్తు

హనోయిలో, ఫిరంగి పావులు కూడా ఉండే అక్కడి చదరంగంలో, పేట పోటీ ఫైనల్లో తోవాన్ చేతిలో ఓడిపోయి వచ్చిన భర్త, టీ పోస్తున్న భార్య ఎదురుగా కూలబడ్డాడు.

“గుర్రాన్ని ఎరవేస్తే తోవాన్ దానివంక కూడా చూడలేదు. నేరుగా నా ఫిరంగి మీదికొచ్చాడు.”

“తెలివైనవాడే.”

“తెలివి కాదు. ఆ ఎత్తు నేనెవరి మీదా వాడలేదు. మనిద్దరికే తెలుసు.”

ఆమె కెటిల్ కింద పెట్టింది.

“నేనే చెప్పాను.”

“ఎందుకు? నీకేం ద్రోహం చేశాను?”

“కొత్త ఎత్తు కనిపెట్టాను, ఫైనల్లో చూడండని క్లబ్బులో అందరికీ చెప్పుకున్నారు. కనిపెట్టింది ఎవరు?”

అతను టీ కప్పు దగ్గరికి లాక్కున్నాడు.

“నేనూ పోటీకి పేరిస్తానంటే, ఆడవాళ్లకి అంత ఓపికెక్కడిదన్నారు. ఊరుకున్నాను. నా ఎత్తు కూడా మీదేనంటే ఊరుకోలేకపోయాను.”

“నాతో పోట్లాడాల్సింది. పరాయివాడితో చేతులు కలిపి నన్ను నలుగురిలో ఓడిస్తావా?”

“మీరు ఓడిపోతుంటే నేనూ చూడలేకపోయాను. అందుకే మధ్యలో లేచి వచ్చేశాను.”

“ఆ ఎత్తు నీదని వాడికైనా చెప్పావా?”

“చెప్పాను. నవ్వి, మీ ఆయన దగ్గర దొంగిలించావా అన్నాడు.”

అంతమంది ముందు ఓడినా దించని తల అతను అప్పుడు దించుకున్నాడు.