అలిగిన నడక

అబ్బబ్బ, కూతురు గిర్రున తిరిగిందని ఏం చప్పట్లు బావా అవి! పైకప్పు లేచిపోతుందేమో అనుకున్నాను. ఈల ఒక్కటే తక్కువ. అదీ వేసి ఉంటే ఓ పనైపోయేది!

డాన్సు క్లాసు గుమ్మం పక్కన బోర్డు చూళ్లేదా? చప్పట్లు కొట్టకూడదు, చేతులు పైకెత్తి ఆడించాలి అని ఇంతింత అక్షరాలతో రాశారు. అవున్లే, నీలాంటి పెద్దవాళ్లు బోర్డులు చదువుతారా! పాపం పిల్ల, చెవులు మూసుకుని కర్టెన్ వెనక దూరింది.

మా అక్క బతిమాలగా బతిమాలగా ఇవాళే కదా మొదటిసారి వచ్చావు? వచ్చి ఏమన్నావు? "ఆటిజం ఉన్న పిల్లకి డాన్సు నేర్పుతారంటే పంపిస్తున్నాను. ఈవిడే దాన్ని చూసి గిరగిరా తిరుగుతోందేంటి? ఎవరికెవరు టీచరు? రేపట్నుంచి మాన్పించేస్తా!" అని వచ్చి ఈ మెట్ల మీద కూలబడ్డావు.

భలే కనిపెట్టావు సుమా! మాకెవరికీ తట్టనే లేదు!

అది ఊగితే మనమూ ఊగాలి బావా. అది వేళ్లు ఆడిస్తే మనమూ ఆడించాలి. "నీతోనే ఉన్నానమ్మా" అని ఒంటితో చెప్పడమట అది. ఎప్పుడో ఓరోజు, తనంతట తనే ఇంకొకరిని చూసి చేస్తుందేమోనని టీచరమ్మ ఆశ. దాన్ని తీసుకొచ్చిన మొదట్లో నాకూ నవ్వొచ్చింది. ఇప్పుడో? ఇంత బొజ్జేసుకుని కప్పలా గెంతుతున్నాను. నా మోకాళ్లకి మందు రాయలేక మా ఆవిడ విసిగిపోయింది.

ఏంటీ, ఒరిగిందేముంది అంటావా? అది చెబుదామనే కదా నీకోసం వచ్చాను!

నువ్విలా విసురుగా వచ్చేస్తుంటే కర్టెన్ కదిలింది. సందులోంచి నిన్నే చూస్తోంది కాబోలు. బయటికొచ్చి చేతులు వెనక్కి కట్టుకుంది. మెడ ఓ పక్కకి వాల్చింది. ధన్ ధన్ మని అడుగులేస్తూ తలుపుదాకా నడిచింది. మళ్లీ వెనక్కెళ్లింది, మళ్లీ నడిచింది. అచ్చం నువ్వే! ఆ ముడుచుకున్న మూతితో సహా! టీచరమ్మకి కళ్లనిండా నీళ్లు.

అలా గుడ్లప్పగించి చూస్తావేం? మాన్పిస్తావా మరి? మాన్పించు! లేదంటే లోపలికెళ్లి దాని పక్కన నడువు. ఇంకా అలా తిరుగుతూనే ఉంది.

నేను రాన్లే. నిజం చెప్పనా? నాకు కుళ్లుగా ఉంది బావా. ఇన్నాళ్లూ మోకాళ్లు అరగ్గొట్టుకున్నది నేను. ఒక్క గెంతైనా నన్ను చూసి గెంతిందా? ఊహూఁ! ఒక్కపూట వచ్చి అలిగిపోయినవాడి నడక పట్టుకుంది.

వెళ్లవయ్యా, వెళ్లు! నాదేముంది, ఉత్త మేనమామని.