ఏరు తొంగున్న చోట

అన్నల్లారా, అక్కల్లారా, పిల్లల్ని చంకనేసుకుని తుంపరలో నిలబడ్డ తల్లుల్లారా! ఖలాసీ జగ్గయ్య పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. అతని భార్య అప్పయమ్మ అదిగో, ముందు వరసలో కూర్చుంది. ఆమె ఎదుట మాట్లాడే అర్హత నాకు లేదు. ఈ బస్తీ కమిటీ కార్యదర్శిని నేను. ఎండిపోయిన ఆ ఇసుకలో గుడిసెలకు చోటు చూపించినవాణ్ణి నేను.

జగ్గయ్య మంచివాడు, నెమ్మదస్తుడు అని నాలుగు ముక్కలు చెప్పి కూర్చోమంటారా? కూర్చోను. నాకు ఒళ్లు మండిపోతోంది.

విజయనగరం పక్క నుంచి భిలాయి వచ్చిన ఆ మనిషికి ఒక పిచ్చి. కొత్తవాడెవడు కనబడినా, పారే నీళ్లను మీ ఊళ్లో ఏమంటారని అడిగేవాడు. మనం గెడ్డ అన్నాం. బెజవాడ వాళ్లు వాగు అన్నారు. మదరాసు వెల్డరు ఆఱు అన్నాడు. "మన ఏరేరా అది, ఆడి నోట్లో అలా తిరిగింది" అని మురిసిపోయాడు జగ్గయ్య. మనమేం చేశాం? ఏరు పంతులని పేరు పెట్టి నవ్వాం.

ఇక్కడి ఉతై ఊరి వైపు నుంచి మట్టిపనికొచ్చే గోండు ముసలమ్మ ఒకరోజు దాహమేసి "ఏర్" అంటూ చెయ్యి చాపింది. నీళ్లకు వాళ్ల మాట అది. చెంబు అందించి ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "మనకి ఏరంటే పారీదే. ఈళ్లకి నీళ్లన్నీ ఏరే. ఒక్క తల్లి కన్న మాటర్రా!" అని ఊరంతా చెప్పాడు. మరి ఇక్కడ ఏరెక్కడని ఆమెనే అడిగాడు. ఆమె చెయ్యెత్తి చూపించింది. ఎటు? మనం గుంజలు పాతుతున్న చోటుకి!

పరుగెత్తుకొచ్చాడు నా దగ్గరికి. "గుంజ సులువుగా దిగిందని సంబరపడకు బాబూ. కింద ఏరు నిద్దరోతూ తొంగుంది" అన్నాడు. మిగతా చోట్ల గట్టి మొరం నేలలో గడ్డపార ఎగిరిపడుతోంది. ఇసుకలో ఒక్క రోజులో నలభై గుడిసెలు లేచాయి. కంట్రాక్టరు నక్షా విప్పి, ఇందులో ఏ నదీ లేదన్నాడు. నక్షాను నమ్మాను. ముసలమ్మ చేతిని నమ్మలేదు.

ఏరు పొంగి వచ్చిన ఆ మధ్యాహ్నం మనమంతా డ్యూటీలో ఉన్నాం. జగ్గయ్య రాత్రి షిఫ్టు చేసొచ్చి ఇంట్లో ఉన్నాడు. పద్నాలుగు మంది పిల్లల్ని గట్టుకు చేర్చాడు. గుడిసెలో చిక్కుకుపోయిన సింహాచలమ్మ కోసం మళ్లీ దిగాడు. ఆ ముసలి ప్రాణాన్ని పైకి తోశాడు. తను రాలేదు.

వరద మింగిందంటారా? నోరు కడుక్కోండి! ఏరు తన దారిన తను వచ్చింది. దారిలో మిమ్మల్ని కాపురం పెట్టించింది ఆ కంట్రాక్టరు, నేను.

నిన్న మనవాళ్లే అదే ఇసుకలో మళ్లీ వెదురు దించారు. అవే గుంతల్లో గుంజలు నిలబెట్టారు. సిగ్గులేదా మనకి? అప్పయమ్మ నాతో ఒక్క మాటే అంది: "ఆడు సెప్పినప్పుడు మీరు నవ్వకపోతే సాలును, బాబూ."

సభ ముగిశాక ఎవరూ ఇంటికి పోవద్దు. అందరం అక్కడికే. సులువుగా దిగిన గుంజలు సులువుగానే ఊడొస్తాయి.

ఇక లేవండి. బతికుండగా జగ్గయ్య మాట్లాడుతుంటే మనం ఒక్కసారి కూడా నోరు మూసుకుని వినలేదు. ఇప్పుడు మూసుకుందాం, రెండు నిమిషాలు.