వెలగకూడని స్లైడు

చీకటి గదిలో మైక్రోస్కోపు కింద మెరుస్తున్న ఆ పచ్చదనం ల్యాబ్ పెద్ద మేడమ్‌కు ఎందుకో మింగుడు పడలేదు. శిష్యుడు పక్కనే నిలబడ్డాడు.

"ఎవరి కండ ఇది?"

"కొత్త మందు వాడుతున్న మొదటి పిల్లాడిది మేడమ్. వాడి కండలో ఇన్నాళ్లూ లేని ప్రోటీన్ వచ్చింది. యాంటీబాడీ దాన్ని ఎలా వెతికి పట్టుకుందో చూడండి!"

"మరీ ఇంత ముద్దొచ్చేలా వెలుగుతుంటేనే నాకు అనుమానం. యాంటీబాడీ వెయ్యకుండా, దానికి అంటుకుని మెరిసే రంగొక్కటే వేసిన స్లైడేది?"

"అది... చెయ్యలేదండీ."

"మరి నేను రాగానే జేబులో వేసుకున్నదేంటి?"

ఆమె చెయ్యి చాపితే తీసిచ్చాడు. ఆ స్లైడూ అంతే పచ్చగా వెలిగింది.

"యాంటీబాడీ లేకపోయినా వెలుగుతోందంటే, అది ప్రోటీన్ కాదు, ఉత్త రంగు. నీకు ముందే తెలుసు కదూ?"

"నిన్న తెలిసింది."

"తెలిసీ దాచావా? పేరు కోసమా?"

"కాదు మేడమ్. మీరైనా ప్రోటీన్ ఉందంటారేమోనని."

"కొంపదీసి వాళ్లమ్మకి చెప్పేశావా?"

"మొన్నే చెప్పాను. సంతోషం పట్టలేక ఫోన్లో ఒకటే ఏడుపు."

"ఆసుపత్రి వాళ్లు పిల్లల పేర్లే మనకి చెప్పరే! ఆవిడ నంబరు నీకెవరిచ్చారు?"

"మా అక్క నంబరు నాకొకరివ్వాలా మేడమ్?"